లాప్‌టాప్ పని – మెడ, నడుము, చేతుల సంరక్షణ
(ఇంట్లో బల్ల, కుర్చీ, మానిటర్ అమర్చుకునే విధానం)

"సిస్టరమ్మా, మా పిలగాడు పొద్దంత కుర్చీలనే కూసుంటడు. బరువు ఎత్తింది లేదు, దించింది లేదు. మరి వానికి మెడనొప్పి ఎందుకొస్తది?"

మా ఓపీలో తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ప్రశ్న న్యాయమైనదే. పొలంలో నాటు వేసి వచ్చిన మనిషికి నడుము నొస్తుందంటే ఎవరైనా నమ్ముతారు. ఫ్యాను కింద కూర్చుని కంప్యూటర్ చూసే మనిషికి నొస్తుందంటే నమ్మడం కష్టం. పని తప్పించుకోవడానికి చెప్పే సాకు అని కూడా కొందరు ఇళ్లలో అంటారు. ఆ మాటకు నొచ్చుకుని పిల్లలు చెప్పడం మానేస్తారు. మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని మింగుతూ పని చేస్తారు. నెలలు గడిచాక, చెయ్యి తిమ్మిరెక్కి చేతిలోని గ్లాసు జారిపోయే స్థితిలో ఆసుపత్రికి వస్తారు.

అందుకే ఈ వ్యాసం కుటుంబసభ్యుల కోసం రాస్తున్నాను. లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషికి తాను ఎలా కూర్చున్నదీ తెలియదు. పక్కనుంచి చూసే మీకే అది కనిపిస్తుంది.

మన ఇళ్లలోకి వచ్చిన కొత్త పని

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాదు, బెంగళూరులలో ఉద్యోగాలు చేసే పిల్లలు చాలామంది లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలోని తమ ఇళ్లకు చేరారు. పది పదిహేను రోజుల ముచ్చట అనుకున్నది నెలలు, సంవత్సరాలు సాగింది. తరువాత కొందరు తిరిగి పట్నం వెళ్లారు. కొందరు వారంలో కొన్ని రోజులు ఆఫీసుకు, మిగిలిన రోజులు ఇంట్లోనే పని చేసే పద్ధతికి మారారు. వీరికి తోడు ఆన్‌లైన్ క్లాసులు వినే విద్యార్థులు, పోటీ పరీక్షలకు చదివేవారు, దుకాణం లెక్కలు కంప్యూటర్‌లో రాసేవారు కూడా ఉన్నారు.

ఆఫీసులో వారికి తగిన బల్ల, ఎత్తు మార్చుకునే కుర్చీ ఉండేవి. ఇంట్లో ఉన్నవి మంచం, దివాన్, ప్లాస్టిక్ కుర్చీ, డైనింగ్ టేబుల్. వాటితోనే ఎనిమిది, పది గంటలు నెట్టుకొస్తున్నారు.

నిజానికి ఒకే చోట కూర్చుని చేసే పని వల్ల వచ్చే నొప్పులు మన ప్రాంతానికి కొత్త కాదు. బీడీలు చుట్టే తల్లులను చూడండి. ఒడిలో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచే వరకు తల వంచే ఉంటుంది. చేయి తిరిగినవారు రోజుకు వెయ్యి బీడీల దాకా చుడతారు. వారిని మెడ, భుజాలు, బొటనవేలు, నడుము బాధపెడతాయి. ఇప్పుడు చేట స్థానంలో మీ కొడుకు ఒడిలో లాప్‌టాప్ ఉన్నదనుకోండి. వంగిన మెడ అదే, ముందుకు కుంగిన భుజాలు అవే, గంటల తరబడి ఆడే వేళ్లు అవే. పైన నేను చెప్పిన ప్రశ్న అడిగిన తల్లికి బీడీల పని ఉంటే నేను ఎక్కువ వివరించనవసరం లేదు. "నీ చేట, వాని లాప్‌టాప్ ఒకటే అమ్మా" అంటే చాలు, ఆమెకు అర్థమవుతుంది.

సిరిసిల్లలో సాంచాల మీద పని చేసేవారి కథ దీనికి భిన్నం. వారు గంటల తరబడి నిలబడి, సాంచాల మధ్య తిరుగుతూ పని చేస్తారు. వారికి కాళ్ల వాపులు, పిక్కల్లో నరాలు ఉబ్బడం, ఆ శబ్దానికి వినికిడి తగ్గడం వంటి కష్టాలు వస్తాయి. నిలబడటమే మంచిదని, కూర్చోవడమే చెడ్డదని కాదు. ఏ భంగిమలోనైనా కదలకుండా చాలాసేపు ఉండిపోవడమే అసలు ఇబ్బంది. ఈ సంగతి వైద్యులకు మూడు వందల సంవత్సరాల క్రితమే తెలుసు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లో పనివారల జబ్బుల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. రాతపని చేసే గుమాస్తాల బాధలకు ఆయన మూడు కారణాలు చూపించాడు. ఎడతెగకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరున కదపడం, మనసుపై పని ఒత్తిడి. ఆనాడు కలం, ఈనాడు కీబోర్డు.

కూర్చున్న మనిషి మోసే బరువు

పెద్దవారి తల బరువు సుమారు 5 కిలోలు ఉంటుంది. తల నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు వెన్నెముక మీదుగా తిన్నగా కిందికి దిగుతుంది. కండరాలకు పెద్ద శ్రమ ఉండదు. తల ముందుకు వంగిన కొద్దీ అది పడిపోకుండా మెడ వెనుక కండరాలు లాగి పట్టుకోవాలి. నిండు బిందెను నడుము మీద పెట్టుకోవడానికి, చెయ్యి చాపి ముందుకు పట్టుకోవడానికి ఎంత తేడా ఉన్నదో ఆలోచించండి. బిందె అదే, నీళ్లు అవే, కాని చాపిన చెయ్యి రెండు నిమిషాలకే వణుకుతుంది.

అమెరికాలో ఒక వెన్నెముక శస్త్రవైద్యుడు 2014లో దీనికి లెక్క వేసి ప్రచురించాడు. తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా ఉంటుందని ఆయన లెక్క. అంటే ఇంట్లో తెచ్చుకునే 25 కిలోల బియ్యం సంచి కంటే ఎక్కువే. ఇది నమూనా మీద వేసిన లెక్క కాబట్టి ప్రతి మనిషికీ సరిగ్గా అదే అంకె అనుకోవద్దు. వంగిన కొద్దీ భారం పెరుగుతుందన్న సంగతి మాత్రం గుర్తు పెట్టుకుంటే చాలు. బరువు ఎత్తని పిల్లవాడు నిజానికి రోజంతా ఒక బరువు మోస్తూనే ఉన్నాడు.

లాప్‌టాప్‌లో ఉన్న చిక్కు

లాప్‌టాప్‌ను ఎక్కడికైనా తీసుకుపోవడానికి వీలుగా తయారు చేశారు. పది గంటలు దాని ముందు కూర్చోవడానికి కాదు. దాని తెర, మీటలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. చేతులకు అనువుగా ఉండాలంటే మీటలు మోచేతుల ఎత్తులో ఉండాలి. మెడకు అనువుగా ఉండాలంటే తెర కళ్ల ఎత్తులో ఉండాలి. మోచేతికి, కంటికి మధ్య మూరెడు దూరం ఉన్నది. లాప్‌టాప్‌లో ఆ దూరం లేదు. బల్ల మీద పెడితే తల వంగుతుంది. తెర ఎత్తు కోసం దాన్ని పైకి లేపితే చేతులు గాలిలో లేచి భుజాలు పట్టుకుపోతాయి. ఎంత మంచి కుర్చీ కొన్నా ఈ చిక్కు తీరదు. కొందరు వేల రూపాయలు పోసి కుర్చీ కొని, అందులో కూర్చుని మళ్లీ ఒడిలోకే వంగి చూస్తుంటారు. ఆ డబ్బు అనవసరపు ఖర్చు.

చేయవలసిన పని ఒక్కటే. తెరను, మీటలను విడదీయాలి. అంటే విడిగా ఒక కీబోర్డు, ఒక మౌస్ కొని లాప్‌టాప్‌కు తగిలించాలి. సాధారణ వైరు కీబోర్డు, మౌస్ రెండూ కలిపి సుమారు వెయ్యి రూపాయలలోపే దొరుకుతాయి. అప్పుడు లాప్‌టాప్‌ను ఎంత ఎత్తులోనైనా పెట్టుకోవచ్చు, చేతులు మాత్రం కిందనే ఉంటాయి. ఇంటిలో డబ్బుకు ఇబ్బంది ఉంటే మానిటర్ సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు కీబోర్డు, మౌస్ తీసుకోండి. మీరు ఖర్చు పెట్టే మొదటి రూపాయి వీటి మీదే పెట్టాలని నా సలహా.

కింది నుండి పైకి అమర్చుకోవాలి

చాలామంది ముందుగా తెరను సర్దుకుని, దానికి తగ్గట్టు తాము వంగుతారు. అది తలకిందుల పద్ధతి. ముందు పాదాలు, తరువాత నడుము, ఆ తరువాత మోచేతులు, చివరకు కళ్లు.

కుర్చీలో వెనుకకు జరిగి, వీపు పూర్తిగా ఆనేటట్లు కూర్చోవాలి. రెండు పాదాలు నేలమీద చదునుగా ఆనాలి. ప్లాస్టిక్ కుర్చీలో వెనుక భాగం గుంటగా ఉండి నడుము లోపలికి కుంగిపోతుంది. ఒక తువ్వాలును గుండ్రంగా చుట్టి, నడుము వంపు దగ్గర, అంటే మొలతాడు కట్టే చోటికి కొంచెం పైన, వీపుకూ కుర్చీకీ మధ్య పెట్టండి. రూపాయి ఖర్చు లేకుండా అయ్యే పని ఇది.

ఇక బల్ల. మన ఇళ్లలో డైనింగ్ టేబుళ్లు, ఆఫీసు బల్లలు సాధారణంగా 75 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగుల ఎత్తు ఉంటాయి. పొడగరి మగవారికి ఇది సరిపోతుంది. అయిదడుగుల ఆడపిల్లకు ఇది ఎత్తు ఎక్కువ. ఆ బల్ల మీద టైపు చేయాలంటే ఆమె రోజంతా భుజాలు పైకి ఎగదీసి ఉంచాలి. సాయంత్రానికి మెడకూ భుజానికీ మధ్య కండ రాయిలా గట్టిపడుతుంది. ఇలాంటి నొప్పితో వచ్చే ఆడపిల్లలకు, కోడళ్లకు నేను ముందుగా బల్ల ఎత్తు గురించే చెబుతాను. బల్ల కాళ్లు కోయనవసరం లేదు. కుర్చీ మీద దుప్పటి మడిచి వేసి మనిషిని పైకి లేపండి. అప్పుడు పాదాలు గాలిలో వేలాడతాయి కాబట్టి కాళ్ల కింద పీటగాని, రెండు ఇటుకలుగాని పెట్టండి. వేలాడే కాళ్లతో కూర్చుంటే తొడల కింద ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

సరిగ్గా ఉన్నదో లేదో ఇలా చూడండి. భుజాలు వదులుగా జారవిడిచి, పై చేతులు పక్కలకు ఆనించి, మోచేయి మడిచినప్పుడు ముంజేతులు నేలకు సమాంతరంగా వచ్చి కీబోర్డు మీద వాలాలి. మణికట్టు పైకి విరగకూడదు. కీబోర్డు వెనుక భాగాన కింద రెండు చిన్న కాళ్లు ఉంటాయి. చాలామంది అవి తెరిచి ఉంచడమే పద్ధతి అనుకుంటారు. వాటిని మడిచివేయడమే మంచిది, తెరిస్తే మణికట్టు వెనక్కి వంగుతుంది. మౌస్‌ను కీబోర్డుకు ఆనుకునే పెట్టుకోవాలి. అందుకోవడానికి చెయ్యి చాపవలసి వస్తే భుజం నొప్పి తప్పదు.

మంచం మీద పని చేయడం గురించి అందరూ అడుగుతారు. దిండ్లకు ఆనుకుని, కాళ్లు చాపి, తొడల మీద లాప్‌టాప్ పెట్టుకోవడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. పైగా పరుపు మీద లాప్‌టాప్ గాలి రంధ్రాలు మూసుకుని వేడెక్కుతుంది. నేలమీద కూర్చునే అలవాటు ఉన్నవారు మాత్రం అలాగే కూర్చోవచ్చు, తప్పు లేదు. గోడకు వీపు ఆనించి, తుంటి కింద మడిచిన దుప్పటి వేసుకుని, చిన్న బల్ల ముందు పెట్టుకుని, తెరను ఎత్తు మీద ఉంచి పని చేయాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి ఇది పనికిరాదు.

మానిటర్ ఎక్కడ పెట్టాలి

రోజుకు నాలుగైదు గంటలకు మించి పని ఉన్నవారికి విడిగా ఒక మానిటర్ ఉంటే మెడకు, కళ్లకు కూడా సుఖం. అక్షరాలు పెద్దవిగా కనబడతాయి, ముందుకు వంగి చూడనవసరం ఉండదు. కాని కొని తెచ్చి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెడితే కొత్త నొప్పి వస్తుంది.

తరచుగా కనిపించే పొరపాటు ఇది. లాప్‌టాప్ ఎదురుగా ఉంటుంది, మానిటర్‌ను కుడిపక్కనో ఎడమపక్కనో పెడతారు. పని అంతా మానిటర్ మీదే జరుగుతుంది. అంటే మనిషి రోజంతా తల ఒకే పక్కకు తిప్పి కూర్చుంటాడు. మెడనొప్పి ఎప్పుడూ ఒకే పక్క వస్తున్నదని ఎవరైనా చెబితే, బల్ల మీద ఏది ఎటు ఉన్నదని ముందుగా అడగాలి.

పని ఎక్కువగా మానిటర్ మీదనే అయితే మానిటర్‌ను ముక్కుకు సూటిగా పెట్టండి. కీబోర్డు దాని ముందు ఉండాలి. లాప్‌టాప్‌ను ఒక పక్కకు జరిపి, మీ వైపు కొంచెం తిప్పి ఉంచండి. ఎప్పుడో ఒకసారి చూసేది కాబట్టి పక్కన ఉన్నా ఇబ్బంది లేదు. రెండు తెరలనూ సమానంగా చూసే పని అయితే, రెంటినీ అంచులు తగిలేటట్లు పక్కపక్కన పెట్టి, తెరిచిన పుస్తకం లాగా కొద్దిగా లోపలికి తిప్పాలి. రెండూ కలిసే చోటు ముక్కుకు ఎదురుగా రావాలి. లాప్‌టాప్ తెర చిన్నది, కిందికి ఉంటుంది కాబట్టి దాన్ని పెట్టె మీద ఎక్కించి మానిటర్‌కు సాటిగా తేవాలి. లేకపోతే తల పొద్దస్తమానం పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. నూలు కోన్లు వచ్చే అట్టపెట్టె గట్టిదైతే సరిపోతుంది. పాత పాఠ్యపుస్తకాలు కూడా ఇందుకు బాగా పనికి వస్తాయి, పిల్లలు చదవనివి ప్రతి ఇంట్లో ఉంటాయి కదా.

ఎత్తు సంగతికి వస్తే, తిన్నగా కూర్చుని ఎదురుగా చూసినప్పుడు చూపు తెర పై అంచు దగ్గర గాని, దానికి కొద్దిగా కింద గాని పడాలి. మిగిలిన తెరంతా చూపు కొంచెం దించి చూసేటట్లు ఉండాలి. కళ్లకు కిందికి చూడటం సహజం, పైకి చూడటం కష్టం. గోడకు ఎత్తుగా బిగించిన టీవీని మానిటర్‌గా వాడటం అందుకే మంచిది కాదు. మీటింగు వినడానికి సరేగాని, రోజంతా చదవడానికి, రాయడానికి వద్దు.

నలభై దాటి రెండు చూపుల అద్దాలు, అంటే బైఫోకల్ లేదా ప్రోగ్రెసివ్ వాడేవారికి ఈ కొలత మారుతుంది. వారు అద్దం కింది భాగం నుండి దగ్గరి అక్షరాలు చూస్తారు. తెర ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తి, మెడ వెనక్కి విరిచి చూడవలసి వస్తుంది. వీరు తెరను ఇంకొంచెం కిందికి దించి, పైభాగం వెనక్కి వాలేటట్లు పెట్టుకోవాలి. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఈ నొప్పితో వస్తుంటారు. అద్దాలు మార్చిన నెలలోనే మెడనొప్పి మొదలైందంటే తెర ఎత్తు ఒకసారి చూడండి.

దూరం ఒక చెయ్యి చాపినంత. కుర్చీలో వెనక్కి ఆనుకుని చెయ్యి చాపితే వేలికొసలు తెరకు తగలాలి. తెర పెద్దదైతే ఇంకొంచెం వెనక్కి జరపవచ్చు. అక్షరాలు కనిపించక ముందుకు వంగుతుంటే తెరను దగ్గరకు లాగవద్దు, అక్షరాల సైజు పెంచండి. అప్పటికీ కనిపించకపోతే కంటి పరీక్ష చేయించండి.

అంతా సర్దిన తరువాత మీరు చేయవలసిన పని ఒకటి ఉన్నది. పని మొదలుపెట్టి అరగంట అయ్యాక, చెప్పకుండా పక్కనుంచి సెల్‌ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. చెవి భుజానికి తిన్నగా పైన ఉన్నదా, ముందుకు పొడుచుకుని వచ్చిందా అన్నది ఆ ఫోటోలో తెలుస్తుంది. మాటలతో పదిసార్లు "సక్కగ కూసో బిడ్డా" అనేకంటే ఒక్క ఫోటో చూపించడం మేలు.

వెలుతురు, కళ్లు, కరెంటు

కిటికీ పక్కన ఉండాలి. కిటికీకి ఎదురుగా కూర్చుంటే వెలుగు కళ్లలో పడుతుంది, వీపు వెనుక ఉంటే తెర మీద మెరుస్తుంది. తెర చూసేటప్పుడు మనం రెప్పలు వేయడం తగ్గిపోతుంది కాబట్టి కళ్లు పొడిబారి మంటపుడతాయి. ఎండాకాలంలో కూలర్ గాలి సూటిగా ముఖానికి తగిలితే ఆ మంట రెట్టింపవుతుంది, కూలర్‌ను పక్కకు తిప్పండి. ఇరవై నిమిషాలకు ఒకసారి, ఇరవై అడుగుల దూరంలో ఉన్న వస్తువును ఇరవై సెకన్లు చూడటం మంచి అలవాటు. వాకిట్లో చెట్టు ఉంటే దాన్ని చూడండి.

లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జిల్లుమంటే ఎర్తింగ్ సరిగా లేదని అనుమానించి మూడు పిన్నుల ప్లగ్గు, మంచి సాకెట్ వాడాలి, ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. వైర్లు నడిచే దారిలో ఉండకూడదు. ఇంట్లో అవ్వ, తాత ఉంటే ఇది మరీ ముఖ్యం. వైరు తట్టుకుని పడి తుంటి ఎముక విరిగితే ఆ వయసులో కోలుకోవడం చాలా కష్టం.

ఎంతసేపు కూర్చోవాలి

పైన చెప్పినదంతా కొలతలు తప్పకుండా చేసినా, మూడు గంటలు కదలకుండా కూర్చుంటే నొప్పి వస్తుంది. అరగంట, ముప్పావుగంటకు ఒకసారి లేచి ఒకటి రెండు నిమిషాలు నడవాలి. పెద్ద వ్యాయామాలు అవసరం లేదు. భుజాలు వెనక్కి తిప్పడం, రెండు రెక్కల ఎముకలు దగ్గరకు తెచ్చి అయిదు లెక్కపెట్టి వదలడం, గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగి వదలడం, వేళ్లు చాపి ముడవడం సరిపోతాయి. కళ్లు తిరిగినా, చేతిలోకి నొప్పి పాకినా ఆపివేయాలి. ఫోను మాట్లాడేటప్పుడు నిలబడి మాట్లాడవచ్చు. పెద్ద నీళ్ల సీసా బల్ల మీద పెట్టుకునే బదులు చిన్న గ్లాసు పెట్టుకుంటే నింపుకోవడానికైనా లేస్తారు.

మధ్యలో లేస్తే పని ఎగ్గొట్టినట్టు అని భావించే పిల్లలు, అలా అనిపించే పెద్దలు ఇద్దరూ ఉన్నారు. బైబిలులో ఏలీయా ప్రవక్త అలసి, ఇక చాలునని బదరీచెట్టు కింద పడుకున్నప్పుడు దూత ముందుగా అతనికి పని చెప్పలేదు. నిద్రపోనిచ్చి, లేపి రొట్టె పెట్టి, మళ్లీ పడుకోనిచ్చింది. అమెరికా వేళలకు పని చేసే పిల్లవాడు తెల్లవారుజామున పడుకుంటే, పొద్దున ఎనిమిదికి తలుపు కొట్టి లేపకండి. నిద్ర చాలని శరీరంలో నొప్పి ఎక్కువగా తెలుస్తుంది.

ఆసుపత్రిలో రోగి దగ్గర పని చేసేవారికి

తండ్రికి ఆపరేషన్ అయితే కొడుకో, బిడ్డో సెలవు దొరకక లాప్‌టాప్‌తో సహా వార్డుకు వస్తారు. మంచం అంచున కూర్చుని, స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి, రెండింతలుగా వంగి పని చేస్తారు. నాలుగు రోజులకు రోగి లేచి నడుస్తాడు, తోడు వచ్చినవారు నడుము పట్టుకుంటారు. స్టూలు మీద వద్దు. మంచం పక్కనున్న లాకరు ఎత్తుగా ఉంటుంది కాబట్టి దాని మీద పెట్టి కొంతసేపు నిలబడి పని చేయండి. మిగిలిన సమయం వీపు ఆనే కుర్చీలో కూర్చోండి. కీబోర్డు, మౌస్ సంచిలో పెట్టుకుని వస్తే ఇక్కడ కూడా ఉపయోగపడతాయి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. చార్జింగ్ కోసం వార్డులో ఏ ప్లగ్గూ మీరై మీరు పీకవద్దు. అది పక్క రోగికి ఆక్సిజన్ ఇచ్చే యంత్రానిది కావచ్చు, మందు ఎక్కించే పంపుది కావచ్చు. డ్యూటీ సిస్టరును అడగండి, ఖాళీ సాకెట్ చూపిస్తుంది.

మాత్రలు మింగుతూ పని చేయవద్దు

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే మేలు చేస్తాయి. నెలల తరబడి సొంతంగా మింగితే కడుపులో పుండ్లు పడతాయి, రక్తపోటు పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ముఖ్యంగా బీపీ, షుగరు ఉన్నవారు జాగ్రత్త వహించాలి. ఊళ్లో "ఒక్క సూదితో పోతది" అని వేసే ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. నొప్పి పోయినట్టే ఉంటుంది, కారణం బల్ల మీద అలాగే ఉంటుంది.

సర్దుబాట్లు చేసి, మధ్యమధ్య లేస్తూ రెండు మూడు వారాలు చూసినా నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి చెయ్యి విదిలిస్తే గాని తగ్గకపోవడం మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడానికి గుర్తు. థైరాయిడ్, షుగరు ఉన్నవారిలో, గర్భిణీలలో కూడా ఇది వస్తుంది కాబట్టి పరీక్షలు అవసరమవుతాయి. నలభైలోపు వయసువారికి పొద్దున లేవగానే అరగంటకు పైగా నడుము బిగుసుకుపోయి, తిరిగితే సర్దుకుని, పడుకుంటే ఎక్కువవుతుంటే అది కుర్చీ వల్ల వచ్చింది కాకపోవచ్చు, కీళ్లవాతంలో ఒక రకం కావచ్చు. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రపట్టనీయని వెన్నునొప్పి ఉంటే వెన్నెముక క్షయ కోసం చూడాలి.

చెయ్యిగాని కాలుగాని బలం తగ్గినా, నడక తడబడినా, మూత్రం, మలం అదుపు తప్పినా, మర్మస్థానం చుట్టూ స్పర్శ పోయినా అదే రోజు రావాలి, తెల్లవారేదాకా ఆగకూడదు. ఛాతీలో బరువు, చెమటలు, దానితోపాటు ఎడమ చేతిలోకో దవడలోకో నొప్పి పాకితే అది లాప్‌టాప్ నొప్పి అనుకుని కూర్చోక వెంటనే 108కి ఫోను చేయండి.

మామూలు నొప్పికి ఓపీకి వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల ఖాళీ స్ట్రిప్పులు తీసుకురండి. పక్కనుంచి తీసిన ఆ ఫోటో కూడా సెల్‌ఫోన్‌లో ఉంచుకుని రండి. డాక్టరుగారికి అది చూపిస్తే, ఇంట్లో ఏది మార్చాలో అక్కడికక్కడే చెప్పడానికి వీలవుతుంది.